కరువు పనిలో మా జట్టు గెలుపు

మా ఆత్మకూరు చెడుగుడు జట్టు ఉదయగిరి వాళ్ళ మీద గెలవడం నేను చూసింది ఒక్కసారే. అది కూడా మా ఆటగాడు మధ్యలో నిద్రపోబట్టి.

జట్టంటే నాకెంత పిచ్చో మా మామకు, అంటే నా భార్య తండ్రికి, అంతకు రెండింతలు. ఆట దగ్గర నా అరుపులు విని మెచ్చుకుని నాకు పిల్లనిచ్చాడు. అయినా ఇద్దరికీ పడేది కాదు. జట్టు వైభవమంతా గడిచిపోయిందని ఆయన, ఇక ముందే ఉందని నేను.

"మా కాలంలో ఒకడుండినాడు అల్లుడా. వాడు కూతకు పోతే ఆపేవాడే కాదు. అవతలోళ్ళు కూర్చోని ఆకూవక్కా వేసుకోని, మళ్ళా లేసి పట్టుకునేవాళ్ళు" అనేవాడు.

"ఎట్టయినా పట్టుకునేవాళ్ళు గదా!" అనేది లోపలి నుంచి మా అత్త.

అంతలో ధాత నామ సంవత్సరపు పెద్ద కరువు వచ్చింది. వానల్లేవు, చేలు ఎండిపోయాయి, జట్టు చెదిరిపోయింది. మర్రిపాడు దగ్గర సర్కారు కరువు పని పెట్టి రోడ్డు వేయిస్తోందంటే అందరం రాళ్ళు కొట్టడానికి పోయాం. చూస్తే ఉదయగిరి జట్టంతా అక్కడే ఉంది, మాలాగే ఎముకలు తేలి. మామ కళ్ళు మెరిశాయి.

"వాళ్ళ తొడలు చూసినావా? కరిగిపోయినాయి. ఇదే అదను" అన్నాడు నా చెవిలో. తన తొడల సంగతి ఆయన గమనించలేదు.

ఆదివారం పని లేదు. తాగిన గంజి అరిగిపోకముందే ఆడేయాలని రెండు జట్లూ ఒప్పుకున్నాయి. రాళ్ళ కుప్పల మధ్య గీత గీశారు. న్యాయం చెప్పడానికి మేస్త్రి కూర్చున్నాడు. మా వైపు నుంచి ఒక పొడుగాటి మనిషి "చెడుగుడు చెడుగుడు" అంటూ కూతకు పోయాడు. కూత ఆపకుండా అవతలివాళ్ళను తాకి గీత దగ్గరికి తిరిగి రావాలి. పోయీ పోగానే నలుగురు అతన్ని పట్టుకున్నారు. అయిదుగురూ కిందపడ్డారు. ఆ తరవాత ఎవరూ లేవలేదు.

మొదట గట్టి పట్టు అనుకున్నాం. కాసేపటికి అర్థమైంది, లేచే ఓపిక వాళ్ళకు లేదని. సాయం చేయబోయిన మిగతా ఉదయగిరి వాళ్ళు పక్కనే కూలబడ్డారు. మా వాళ్ళు ఇవతల ఎప్పుడో కూర్చున్నారు. నేనూ మామా మాత్రం గొంతు చించుకుని అరుస్తున్నాం. ఆ కుప్ప అడుగు నుంచి సన్నగా కూత వినిపిస్తూనే ఉంది. కాసేపటికి దాంట్లో గురక కలిసింది.

మేస్త్రి వంగి చూశాడు. "వీడు నిద్రపోయినాడు" అన్నాడు.

"కూత ఆగలేదు గదా!" అని మామ కేక వేశాడు.

"గురక పెడితే ఊపిరి తీసినట్టు కాదా?" అన్నాడు ఉదయగిరి పెద్దమనిషి ఒకాయన.

"నిద్రలో ఆడగూడదని యాడుండాది?"

"యాడా లేదు. ఇంతదాకా ఎవుడూ ఆడలేదు గనక లేదు."

వాళ్ళిట్లా వాదించుకుంటుండగానే మా మనిషి నిద్రలో పక్కకు ఒత్తిగిలాడు. మీదున్న నలుగురూ చొప్పకట్టల్లా దొర్లిపోయారు. అతని చెయ్యి వచ్చి సరిగ్గా గీత మీద పడింది. నోరు ఇంకా "చెడుగుడు" అంటూనే ఉంది. గీత తాకితే, పట్టుకున్నవాళ్ళంతా ఆటలో చచ్చినట్టు లెక్క.

"ఉదయగిరోళ్ళు నలుగురూ చచ్చినారు!" అని మేస్త్రి గట్టిగా చెప్పాడు.

గంజి కుండల దగ్గరున్న ఆడవాళ్ళు అది విని గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చారు. కరువు రోజులు, వాళ్ళను తప్పుపట్టలేం. చచ్చినవాళ్ళలో ఒకడు తలెత్తి, "ఎవురు పోయినారు?" అని అడిగాడు. అతని భార్య సంతోషం పట్టలేక చెంప మీద ఒకటి కొట్టింది. మిగిలినవాళ్ళు ఆడతారా అని మేస్త్రి అడిగితే పడుకున్నచోటే తలలు అడ్డంగా ఊపారు. గెలుపు మాదే.

నాకు ఏడుపొచ్చింది. వీరుణ్ణి భుజాలకెత్తుకోబోయాం కానీ ఎత్తలేకపోయాం. చివరకు రాళ్ళు మోసే బండిలో పడుకోబెట్టి ఊరేగించాం. అతను మేలుకోలేదు. మామ మాత్రం బండి వెంట రాలేదు. ఒక రాయి మీద ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఇదీ ఒక గెలుపేనా? మా కాలంలో..."

"మీ కాలంలో గెలవలేదు మామా."

వానలు పడి ఇళ్ళకు చేరేదాకా ఆయన నాతో మాట్లాడలేదు.

నాలుగు గింజలు పండాక జట్టుకు మంచి రోజులొచ్చాయని నేను ఊరంతా చాటాను. ఈలోగా ఉదయగిరి వాళ్ళు ఒక పని చేశారు. మా వీరుడికి పిల్లనిచ్చి, ఇల్లరికం తీసుకుపోయారు.

తరవాతి ఆట ఉదయగిరిలో. నేనూ మామా నడిచి పోయాం. అతను వాళ్ళ తరపున మా మీదికి కూతకు వచ్చాడు. ఒంటికి కండ పట్టింది, కళ్ళు తెరిచే ఉన్నాయి. అతన్ని చూడగానే మాకు ఒళ్ళు తెలియలేదు. ఇద్దరం లేచి, "అదీ దెబ్బ! పోరా, ఇంకా లోపలికి పో!" అని అరిచాం. మా ఆటగాళ్ళు ఆట మరిచి మా వైపు తిరిగి చూశారు. అదే సందని అతను ముగ్గుర్ని తాకి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో మా జట్టు మమ్మల్ని వదిలేసి ముందు నడిచింది. చాలా దూరం పోయాక మామ గొంతు సవరించుకున్నాడు.

"వాడు మనోడే గదా అల్లుడా?"

"మనోడే మామా" అన్నాను. ఒక విషయంలో మా ఇద్దరి అభిప్రాయం కలవడం అదే మొదలు.