కల్లం కాడ పాలపిట్ట

ఇప్పుడంటే ఫోనెత్తిన ప్రతివాళ్ళూ పిట్టను పట్టేస్తున్నారు గానీ, నేను కారంపూడిలో ఓ ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరిన ఆ రోజుల్లో, మెడలో కెమెరా వేసుకుని చేలగట్ల మీద తిరిగే ఆడపిల్లను జనం రెండు రకాలుగానే చూసేవాళ్ళు. పంటనష్టం రాసుకోవడానికొచ్చిన మేడమ్ అనుకుని కొందరు పురుగు పట్టిన పత్తికాయలు తెచ్చి చూపించేవాళ్ళు. పెళ్ళి ఫొటోలు తీసే అమ్మాయి అనుకుని కొందరు గబగబా తల దువ్వుకునేవాళ్ళు. "పిట్టల కోసం వచ్చానండీ" అంటే మాత్రం అందరూ ఒకేలా జాలిపడేవాళ్ళు. "పాపం, చదువుకున్న పిల్లే!" అని ఒక పెద్దాయన నా ముందే అన్నాడు.

నాకేమో పాలపిట్ట పిచ్చి. తీగ మీద కూర్చున్నంతసేపూ అది ఒట్టి మట్టిరంగు పిట్టలాగే ఉంటుంది. రెక్క విప్పిందా, ఆ నీలం చూసి తీరాల్సిందే. ఆ సంగతి పిల్లలకు గొప్పగా చెప్పి, ఫొటో తెచ్చి చూపిస్తానని మాట కూడా ఇచ్చేశాను. నా కెమెరా, పెళ్ళి ఫొటోలు తీసే మా పెదనాన్న కొడుకు వాడి వాడి వదిలేసింది. మీట నొక్కాక అది కాసేపు ఆలోచించుకుని, ఆ తర్వాత తీరిగ్గా 'టక్' మనేది. అంతలో పిట్ట పక్క చేలో ఉండేది. (పెళ్ళికొడుకులు ఎగిరిపోరు కనక అన్నయ్యకు ఆ ఇబ్బంది తెలియలేదు.) అలా నెలల తరబడి నేను తీసినవన్నీ ఖాళీ తీగలే. స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు వాటిని ఒక్కొక్కటే శ్రద్ధగా చూసి, "కరెంటు తీగలు మాత్రం చానా చక్కగా వచ్చినయ్ టీచర్! ఆ డిపార్ట్‌మెంటోళ్ళకు పంపించరాదూ?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉగాదిలోపు రెక్కలు విప్పిన పాలపిట్ట ఈ గోడ మీద ఉంటుంది. లేదంటే కెమెరా అమ్మిపారేస్తా" అనేశాను. అన్నాక గుర్తొచ్చింది, ఉగాది ఎంతో దూరం లేదని.

ఆ ఆదివారమే బొల్లాపల్లి దగ్గర మా మేనత్త ఊరికి బస్సెక్కాను. అత్తయ్య వాళ్ళ మిరప కల్లం ఊరి బయట. బోరు మోటారుకు వెళ్ళే తీగ మీద రోజూ ఒక పాలపిట్ట వాలుతోందని ఆవిడే ఫోనులో చెప్పింది. తీరా వెళ్ళాక, పక్క కల్లంలో ఎవరో బస్తాడు కాయలు ఎత్తుకుపోయారని నన్ను కాపలా పెట్టేసింది. "నేను ఇంటికి పోయి నీకు అన్నం తెస్తా. మంచం మీద నుంచి లెగవమాక. కాయ పోయిందా, నీ కెమెరా బాయిలో యేస్తా!" అంది. ఇటు మాస్టారు, అటు అత్తయ్య, మధ్యలో నా కెమెరా.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో పిట్ట వచ్చింది. మంచం మీద నన్ను చూసి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మిడతల కోసం అది కల్లం అంచునే దిగుతోందని గమనించి, కాయల రాశి మీద కప్పిన పట్టా కిందికి నెమ్మదిగా దూరిపోయాను. పల్నాడులో పుట్టి ఎండుమిరప ఘాటు తెలియదా అంటారా? తెలుసు. పిట్ట కనబడితే నాకు ఇంకేదీ గుర్తుండదు, అదీ సంగతి. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు, ఒంటి నిండా మంట. అప్పుడు వాలిందమ్మా మహాతల్లి, సరిగ్గా నా ఎదురుగా, ఆరబోసిన ఎర్రటి కాయల మీద! ఊపిరి బిగబట్టి వేలు మీట మీద పెట్టాను. అంతే, ముక్కు అదిరింది.

హాచ్!

ఆ తుమ్ముకు వేలు మీటను నొక్కేసింది. కెమెరా తన అలవాటు ప్రకారం ఆలోచనలో పడింది. అదే క్షణంలో అన్నం క్యారేజీతో తిరిగొచ్చిన అత్తయ్యకు ఖాళీ మంచమూ, కదులుతున్న పట్టా కనిపించాయి. "దొంగసచ్చినోడా! పట్టపగలే కాయలకొచ్చావంట్రా!" అని పట్టా మీదుగా కర్రెత్తి ఒక్క కేక పెట్టింది. పిట్ట బెదిరి రెండు రెక్కలూ విప్పి లేచింది. అప్పుడు తీరిగ్గా, 'టక్'.

ఆ వెంటనే నా వీపున కర్ర పడింది. "అత్తా, నేనే!" అని అరిచాను. "నువ్వా? మరి కాపలా ఎవురు కాస్తన్నారే?" అంది. అయ్యో అనైనా అనలేదు! తర్వాత నా అవతారం చూసి మనసు కరిగి, కొంగుతో మొహం తుడిచింది. (ఆ కొంగుతోనే పొద్దుటి నుంచి కాయలు మోసింది. ఇంకో పది నిమిషాలు నేను లోకం చూడలేదు.) కళ్ళు తెరిచేసరికి అత్తయ్య కెమెరా పట్టుకుని, దాని వెనక తెరలోకి చూస్తూ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. "ఏందే ఇది? రోజూ నా నెత్తిమీదే తిరుగుతా ఇంత నీలం దాసిపెట్టుకుందా!" అంది. ఎర్రటి కాయల మీద విప్పారిన నీలాల రెక్కలు, ఒక్కో ఈకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా! వీపు నొప్పి ఎటు పోయిందో తెలియదు.

ఉగాదికి ముందే ఫొటో స్టాఫ్‌రూముకు చేరింది. లెక్కల మాస్టారు చాలాసేపు చూశాడు. "ఈ మూల ఈ కర్ర ఏందండీ?" అన్నాడు చివరికి. "మా అత్తయ్యది" అన్నాను. వెంటనే తనే వెళ్ళి సుత్తీ మేకూ తెచ్చాడు. పిల్లలు వరసకట్టి వచ్చి చూస్తుంటే, అబ్బో, ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

ఇప్పుడు నా దగ్గర ఆలోచించని కెమెరా ఉంది. ఆకుల రంగు బట్టలున్నాయి, మంచి మంచి ఫొటోలూ ఉన్నాయి. అయినా మా హాల్లో ఉన్నది ఆ పాలపిట్టే. అత్తయ్య ఎప్పుడొచ్చినా దాని ముందు నిలబడి, "దాన్ని లేపింది నేనే" అని వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. మొన్న పెద్దది చేయిస్తూ, "అత్తా, కంప్యూటర్లో ఆ మూల కర్ర తీసేయించనా?" అని అడిగాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"కర్ర తీసేస్తే ఇంకేముందే అందులో? పిట్ట ఎవురికైనా ఉంటది."

నవ్వొచ్చింది, ఎందుకో కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఈసారి దగ్గర్లో మిరపకాయలేమీ లేవు.