గుడ్డ చిరిగింది, అతుకు నిలిచింది

2010 ఎండాకాలం, నాచారంలో ఒక రేకుల షెడ్డు. అల్ట్రాసోనిక్ సీలింగ్ మిషన్లకు సర్వీస్ ఇంజనీర్‌గా అది నాకు రెండో ఏడాది. సూదీ దారం లేకుండా, కంపనంతో పుట్టే వేడితో మాస్కు గుడ్డను అతికించే మిషన్ అది. కిందటేడు స్వైన్ ఫ్లూ రోజుల్లో ఉప్పల్ అమ్మాయి స్వప్న మాస్కుల కోసం దాన్ని కొంది. పాలిటెక్నిక్ చదివి, ఒకరి కింద పనిచేయనని పట్టుబట్టి ఆ షెడ్డులో పెట్టుకున్న యూనిట్. ఫ్లూ తగ్గింది, మాస్కులు అడిగేవాళ్లు లేకుండా పోయారు, మిషన్ అమ్మకానికి పెట్టింది.

నన్ను పిలిచింది ఆమె కాదు, మిషన్ కొనడానికొచ్చిన యాదగిరి. మేడిపల్లిలో సంచులు చేసి బట్టల దుకాణాలకు వేస్తాడు. మందమైన సంచి గుడ్డను ఈ మిషన్ అతికిస్తే ఆ సాయంత్రమే ఆటో ట్రాలీలో ఎక్కించుకుపోతాడు. స్వప్న తానూ సంచులకు ప్రయత్నించిందట. గుడ్డ కాలడమో, అతుకు ఊడడమో. సోమవారం నుంచి ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరుతున్నానంది. చెబుతున్నంతసేపూ ఒక్కచోట నిలబడలేదు.

నా తనిఖీ క్రమం ఎప్పుడూ ఒకటే: కంపనానికి కరెంటు అందించే జనరేటర్, హార్న్, రోలర్, ప్రెషర్. హార్న్ అంటే గుడ్డకు తగిలి కంపించే లోహపు ముక్క. దానికీ రోలర్‌కూ మధ్య సందు ఇంకా పలుచటి మాస్కు గుడ్డకే బిగించి ఉంది. ఆమె దాన్ని ముట్టుకోకుండా పవర్ మాత్రం పెంచి, తగ్గించి చూసింది. నేను సందు వదులు చేసి, వేగం తగ్గించి సంచి గుడ్డ పెట్టాను.

అతుకును రెండు చేతులా లాగి చూడాలి. పక్కనున్న గుడ్డ చిరిగి, అతుకు నిలిస్తే పాసైనట్టు. యాదగిరి చెయ్యి చాచేలోపే స్వప్న అందుకుని లాగింది. గుడ్డ చిరిగింది. ఇంకోటి తియ్యమంది. అదీ అంతే. మిషన్ ఇవ్వనని అప్పుడే చెప్పేసింది.

యాదగిరి నా వైపు తిరిగాడు. "తమ్మీ, నేను పిలిస్తే వచ్చి ఆమెకు ట్రైనింగ్ ఇచ్చినవా?"

స్వప్న అడ్డొచ్చింది. "అన్నను ఏమనకు మామా. అమ్ముదామనే నిన్ను రమ్మన్న. అతుకు సూసినంక మనసొప్పుతలేదు."

"నీ సంచులు ఎవరు కొంటరు బిడ్డా? నా దుకాణాలోళ్లా?"

"వాళ్లనే అడుగుత. రేపు నీకన్న ముందే పోయి అడుగుత."

అతుకు బాగా వచ్చినంత మాత్రాన ఆర్డర్లు రావని, ఆదివారం దాకా ఆలోచించుకోమని స్వప్నకు చెప్పాను. సందు ఎలా సరిచేయాలో చూపమంది. సోమవారం షెడ్డే తెరిచింది. తర్వాత చాలాసార్లు సర్వీస్‌కు వెళ్లాను. కొన్ని నెలలు మిషన్ ఊరికే ఉండేది, తలుపులు మాత్రం తెరిచే ఉండేవి.

పాత మిషన్ కొనబోయినప్పుడల్లా యాదగిరి ఇప్పటికీ నన్నే పిలుస్తాడు. అయితే అమ్మేవాళ్లను బయటికి పంపి మిషన్ నడపమంటాడు. నేను ఒప్పుకోను. మిషన్ ఏం చేయగలదో యజమాని కళ్లారా చూడాలి. ఆ తర్వాత అమ్ముకుంటారో, ఉంచుకుంటారో వాళ్ల ఇష్టం.