ముగ్గురు నాగూర్ వలీలు

అల్ఫియాకు భయం కొత్త కాదు. నరసరావుపేటలో మోటార్లు బాగుచేసే మెకానిక్ కూతురు, కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరిన నాటి నుంచి ఏదో ఒకదానికి భయపడుతూనే ఉంది. ఆ కోర్సులో రెండేళ్ళు కాలేజీ, మూడో ఏడంతా కంపెనీలో అప్రెంటిస్ పని. ఆ ఏడాది మార్కులు కంపెనీవాళ్ళే వేస్తారు. వాళ్ళు బాగుందంటే డిగ్రీ, పెదవి విరిచారంటే ఏడాది గంగలో కలిసినట్టే. అందుకే ఆఫీసులో ఆమె గట్టిగా తుమ్మడానికి కూడా జంకేది.

కంపెనీ ఊళ్ళోనే. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలకు లెక్కల ప్రోగ్రాములు రాసి ఇస్తుంది. ఒకే రైతు పేరు పదే పదే ఎక్కి అంతా గందరగోళంగా ఉందని, అలాంటివన్నీ కలిపేయమని టీమ్ లీడర్ శ్రీహర్ష ఆమెకు అప్పగించాడు. పేరు, ఊరు, ఫోన్ నంబరు మూడూ కలిస్తే ఒకే మనిషి అని అల్ఫియా ప్రోగ్రాం రాసింది. కాలేజీలో నేర్పినట్టే రాసింది. శ్రీహర్ష ఫోనులో మాట్లాడుతూనే ఓసారి పైపైన చూసి బాగుందన్నాడు. ఆ పూట ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఈ ప్రాంతంలో నాగూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన మగపిల్లాడికి ఆ పేరే పెడతారు. ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా ఒక నాగూర్ వలి ఉంటాడు. ఇక మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, స్టోరేజీకి తోలే ఆటో అతను రైతులందరికీ తన నంబరే రాయిస్తాడు. కబురొస్తే వాళ్ళకు చెప్పేది అతనే కదా. ఇదంతా ఎవరికి తెలియకపోయినా అల్ఫియాకు తెలియాలి. ఆమె తండ్రి పేరే నాగూర్ వలి. పక్కింటాయనా నాగూర్ వలే. వైండింగ్ నాగూరు, పొడుగు నాగూరు అంటేగానీ ఎవరిని పిలిచారో తెలియదు. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆ తెలివి ఏ గట్టున పెట్టిందో మరి.

అలా రొంపిచెర్ల నాగూర్ వలీలు ముగ్గురూ ఒక్కడయ్యారు. వాళ్ళలో ఒకాయన సరుకు అమ్మితే, ఆ పేరున స్టోరేజీ కంప్యూటర్ తెర మీద కనబడ్డ టిక్కీలన్నీ కొన్నవాడి లారీ ఎక్కాయి. మర్నాడు రెండో నాగూర్ వలి తన సరుకు కోసం వస్తే అక్కడేమీ లేదు. తెర చూసి సరుకు బయటికి పంపే గేటు గుమాస్తా పున్నారావే దొంగచాటుగా అమ్ముకున్నాడని స్టోరేజీ యజమాని వెంకటప్పయ్య పట్టుబట్టాడు. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీసులకు అప్పగిస్తానన్నాడట.

ఈ కబురు ఆఫీసుకు ఫోనులో వచ్చింది. ఊరూ పేరూ వినగానే అల్ఫియా కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. రికార్డు తెరిచి చూసింది. అనుకున్నంతా అయింది. శ్రీహర్ష దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. తిడతాడనుకుంటే, అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరితోనన్నా అన్నావా?"

"లేదు సార్."

"అనమాక. రేపు మెల్లగా సరిచేద్దాం. నీ మార్కులు ఈ వారమే పంపాలి, గుర్తుందిగా."

అతనికీ భయమే. అది చూశాక ఆమె భయం రెట్టింపైంది. పున్నారావు మొహం కూడా ఆమె ఎరగదు. కానీ రేపటిదాకా ఆగితే ఈ రాత్రికి ఆ మనిషి స్టేషన్లో ఉంటాడు. తలనొప్పిగా ఉందని చెప్పి బయటపడి స్టోరేజీకి ఆటో ఎక్కింది. దారిలో నాన్నకు ఫోను చేయబోయి మానేసింది. వెనక్కి వచ్చేయమంటాడేమోనని భయం, వెళ్ళమంటాడేమోనని ఇంకా భయం.

స్టోరేజీ ఆఫీసులో వెంకటప్పయ్య కుర్చీలో ఉన్నాడు. పున్నారావు గోడవారన నేల మీద కూర్చున్నాడు. అల్ఫియా జరిగింది చెప్పింది. వెంకటప్పయ్య నమ్మలేదు. శ్రీహర్షకు ఫోను కలిపి స్పీకర్ పెట్టాడు.

"ఏందయ్యా, మీ పిల్ల వచ్చి తప్పు మిషన్‌దంటోంది?"

"ఆ అమ్మాయి ఇంకా నేర్చుకుంటోందండీ, తనకేం తెలుసు. మేం అంతా చూసే పంపాం."

వెంకటప్పయ్య ఆమె వైపు తిరిగాడు. నాకు సరిగా తెలియదండీ అని ఒక్క మాట అంటే చాలు, డిగ్రీ చేతికొస్తుంది. అల్ఫియాకు ఏడుపొచ్చేసింది.

"రాసింది నేనండీ. చూసి పంపింది సారే. ఈయన మిషన్‌లో ఉన్నట్టే చేశాడు."

ఫోను కట్టయింది. తన ఏడాది పోయిందని ఆమెకు అర్థమైంది. పడిపోకుండా బల్ల అంచు పట్టుకుంది. పున్నారావు లేచి వచ్చి, "కూర్చో తల్లీ, పడిపోతావు" అని ఆమె చేయి పట్టుకున్నాడు. వెంకటప్పయ్య లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.