జెంటూ దీవెన

ఆ పుస్తకాలంటే నాకు మొదటి రోజు నుంచే మంట. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట లండన్‌లో అచ్చయినవి. మిషిగన్‌లో నేను మాస్టర్స్ చదివిన యూనివర్సిటీ లైబ్రరీలో, ఎండాకాలం కూడా స్వెటర్ వేసుకోవలసిన ఒక గదిలో ఉండేవి. వాటిని మెత్తటి దిండ్ల మీద పడుకోబెట్టాలి. పేజీ లేవకుండా పైన గుడ్డలో సీసపు గుళ్ళు కుట్టిన తాడు వేయాలి. ఆ తాడును అక్కడ పాము అంటారు. పెన్ను తేకూడదు, పెన్సిలే. చేతికి క్రీమ్ రాసుకోకూడదు. తలకి నూనె పెట్టుకుని వెళ్ళిన రోజు నన్ను గుమ్మంలోనే ఆపి, తలంటుకుని రమ్మని వెనక్కి పంపారు. మా ఇంట్లో బాలింతలకి కూడా ఇంత పథ్యం, ఇంత సేవ జరగలేదు.

ఇంతా చేస్తే వాటిలో ఉన్నదేమిటి? మతం పుస్తకమైతే, తోకచుక్క కనపడింది కాబట్టి దేవుడికి కోపం వచ్చిందని వంద పేజీలు. చరిత్ర పుస్తకమైతే ఆదాముతో బయలుదేరి నేరుగా అప్పటి రాజుగారి సింహాసనం దగ్గర దిగుతుంది. వింతల పుస్తకమైతే రెండు తలల దూడ, బిషప్పు టోపీ పెట్టుకున్న చేప, చెట్టుకి కాసే బాతులు. అబద్ధం కాదు, బొమ్మ కూడా వేశారు, కొమ్మ నిండా బాతు పిల్లలు మామిడి పిందెల్లా వేలాడుతుంటాయి. చెట్టుకి బాతులు కాస్తాయని నమ్మిన ఆ పెద్దమనిషే పది పేజీల తర్వాత మన దేశం వచ్చి, ఇక్కడి జనం మూఢులు, రాళ్ళకి మొక్కుతారు అని రాస్తాడు. గురివింద గింజ సామెత వాడికెవరూ చెప్పినట్టు లేదు. మన తెలుగును ఆ పుస్తకాలు జెంటూ అంటాయి. ఆ పేరుతో ఇప్పుడొక పెంగ్విన్ కూడా ఉంది.

నా పని ఆ పేజీలను మెషీన్ ఎలా చదివిందో చూసి తప్పులు దిద్దడం. పాత అచ్చులో ఎస్ అక్షరం పొడుగ్గా, అచ్చం ఎఫ్‌లా ఉంటుంది. ఎఫ్‌కి అడ్డగీత రెండు వైపులా ఉంటే దీనికి ఎడమ వైపు చిన్న ముక్క మాత్రమే ఉంటుంది. మెషీన్‌కి ఆ తేడా తెలియదు. పాపం అనే అర్థంలో 'సిన్' అని ఉన్న చోటల్లా 'ఫిన్' అని, అంటే చేప రెక్క అని చదివేది. ఒక ప్రసంగంలో మానవజాతి అంతా చేపరెక్కలో పుట్టిందనీ చేపరెక్కలోనే పోతుందనీ వచ్చింది. దాన్ని దిద్దడానికి నాకు మనసొప్పలేదు. అయినా దిద్దాను. గంటకింత అని జీతం ఇస్తున్నారు కదా.

నా మీద సూపర్‌వైజర్ మిషిగన్‌లోనే, ట్రాయ్ అనే ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. నా వయసే. చరిత్రలో పీహెచ్‌డీ ఆఖరి ఏడు చదువుతున్నాడు. మొదటి రోజే నన్ను "నువ్వు" అన్నాడు. అది పొగరు కాదని, "మీరు" అనే మాట వాళ్ళింట్లో అతని చెవిన పడలేదని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నా కోపం తగ్గలేదు. నేను మాత్రం "మీరు" అనే అనేదాన్ని, ఎందుకంటే నా బతుకు అతని చేతిలో ఉంది. మే నెలతో నా చదువు అయిపోతుంది. ఆ తర్వాత మూడు నెలల్లో ఉద్యోగం చూపించలేకపోతే పెట్టె సర్దుకోవాలి. లైబ్రరీలో ఒక కేటలాగింగ్ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆ విభాగానికి పెద్ద ఒక అమెరికన్ క్యూరేటర్ గారు. ఎవరిని తీసుకోవాలన్నా ఆవిడ ముందు అతన్ని అడుగుతుంది. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

మార్చిలో ఒక ఓడ డాక్టరు రాసిన పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. ఏప్రిల్‌లో లైబ్రరీ పెట్టబోయే ఎగ్జిబిషన్‌కి అదే తలమానికం. డాక్టరు మన కోస్తా తీరంలో దిగాడు. ఒక చేపలమ్మి గంప దించుకుని కూర్చుని ఉంది. ఆ చేపల్లో ఈయనకి ఏదో కొత్త జాతి కనపడింది. అడగా పెట్టకుండా చేతికర్రతో గంప మీద కప్పిన ఆకులు తీసి లోపల కెలికాడు. అప్పుడా అన్యమత స్త్రీ లేచి, పవిత్రమైన మట్టిని దోసిట పట్టి, మూడుసార్లు అతని మీదికి చల్లి, జెంటూ భాషలో దీవెన పలికిందట. ఆయన పొంగిపోయి టోపీ తీసి వంగాడట. ఆవిడ మళ్ళీ చల్లిందట. అర్థమేమిటని పక్కనున్న దుబాసీని అడిగితే, దొరగారికి శుభం జరగాలంటోంది అన్నాడట. డాక్టరు ఆ దీవెనను తాను విన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేయించాడు.

మెషీన్ దాన్ని ఇలా చదివింది: "పోపో ఫా చినోడా నినోట లోమను పోయ."

దీని మీద మా సూపర్‌వైజర్ అప్పటికే థీసిస్‌లో ఒక అధ్యాయం రాసేశాడు. వాళ్ళ అమ్మమ్మ అతన్ని చిన్నోడా అని పిలిచేదట, అందుకని "చినోడా" అంటే చిన్నవాడా. నిఘంటువు చూసి "మను" అంటే బతుకు, "పోయ" అంటే పోయుగాక అని తేల్చాడు. చిన్నవాడా, నీలోకి బతుకు పోయుగాక! ఇంగ్లీషు పుస్తకంలో ఇంత తొలినాళ్ళలో అచ్చయిన తెలుగు ప్రార్థన అని ఎగ్జిబిషన్‌లో పెట్టే లేబుల్ కూడా తయారైంది.

నేను భూతద్దం పెట్టి అసలు పేజీ చూశాను. "ఫా"లో అడ్డగీత ఎడమ వైపు మాత్రమే ఉంది. అది ఎఫ్ కాదు, ఎస్. అయినా చేపలమ్మి నోట ఎఫ్ ఎక్కడ నుంచి వస్తుంది? కాఫీ, ఫోను వచ్చేదాకా తెలుగువాడి నాలుకకి ఆ శబ్దంతో పనే లేదు. ఎఫ్ తీసి ఎస్ పెట్టి, ముక్కలను దగ్గరికి జరిపి పెదాలతో చదివాను.

పో పో, సచ్చినోడా, నీ నోట్లో మన్ను పొయ్య!

ఆ గదిలో గట్టిగా నవ్వకూడదు. నేను నవ్వాను. ఎదుటి బల్ల దగ్గరి ముసలాయన తలెత్తి చూశాడు. నేను పెరిగింది కాకినాడలో, మునిసిపల్ కుళాయి ఎదురింట్లో. బిందె వరస తప్పితే ఏం జరిగేదో, ఎవరి నోట్లో ఏం పోసేవారో నాకు బడికి వెళ్ళక ముందే కంఠతా వచ్చు. ఇక ఆ పవిత్రమైన మట్టి సంగతి. ఫలానా పార్టీ ఫలానా పార్టీ మీద దుమ్మెత్తి పోసింది అని రోజూ పేపర్లో చదువుతాం. నిజంగా వంగి, దుమ్ము ఎత్తి, పోసిన మనిషిని చూడడం నాకదే మొదటిసారి. ఆ మహాతల్లికి మనసులోనే దణ్ణం పెట్టాను. వేల పేజీల్లో మనల్ని అన్ని మాటలు అన్నవాళ్ళకి ఒక్కరైనా ముఖం మీదే జవాబు చెప్పారు, అదీ వాళ్ళ ఖర్చుతోనే అచ్చయింది. అమెరికా వచ్చాక అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

వెంటనే వెళ్ళి చెప్పాను. తెలివైనదాన్నయితే ఉద్యోగం కాగితం చేతికొచ్చాక చెప్పేదాన్ని.

"నో. ఇట్స్ ఎ బ్లెసింగ్," అన్నాడు స్క్రీన్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "మా అమ్మమ్మ నన్ను చిన్నోడా అనేది. ఐ నో దట్ వర్డ్."

"అది చిన్నోడా కాదండీ. సచ్చినోడా. చచ్చినవాడా అని."

"బతికి ఉన్న పర్సన్‌ని డెడ్ అని ఎవరు పిలుస్తారు? మేక్స్ నో సెన్స్."

"మా వీధికి రండి, రోజుకి పదిమందిని పిలుస్తారు."

"నీకు సోర్స్ ఉందా? పబ్లిష్డ్ సోర్స్?"

"మా కుళాయి దగ్గర ఆడవాళ్ళే సోర్స్."

అప్పుడు తిరిగి చూశాడు. "నువ్వు లింగ్విస్ట్ కాదు. నీ జాబ్ టైపోస్ ఫిక్స్ చెయ్యడం. అది చెయ్."

నేను క్యూరేటర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. విని, ఎక్కడైనా అచ్చులో ఆధారం ఉందా అని తనూ అదే అడిగింది. లేదన్నాను. చాలా దయగా నవ్వింది. ఆ నవ్వు కంటే అతని మాటే నయమనిపించింది. చివరికి ఒక మధ్యేమార్గం చెప్పింది. సూపర్‌వైజర్ వాళ్ళమ్మగారు ఇరవై ఏళ్ళుగా గుడిలో ఆదివారం పిల్లలకి తెలుగు నేర్పుతున్నారు. ఎగ్జిబిషన్ మొదటి రోజు ఆవిడ వస్తారు. ఆవిడ అసలు పేజీ చదివి ఏం చెబితే అదే. దానికి అతను వెంటనే ఒప్పుకున్నాడు. బయట కారిడార్‌లో నాతో మాత్రం, "నీ జాబ్ గురించి నేను ఇంకా ఏం చెప్పలేదు. ఎగ్జిబిషన్ తర్వాత బుధవారమే నీ ఇంటర్వ్యూ కదా. డోంట్ మేక్ ఇట్ వియర్డ్," అన్నాడు.

ఎగ్జిబిషన్ మొదలైన ఆదివారం మధ్యాహ్నం ట్రాయ్ నుంచి మూడు వ్యాన్ల నిండా పట్టుచీరలు దిగాయి. అంకుల్స్ చెట్టుకి కాసిన బాతుల ముందు ఫోటోలు దిగారు. సూపర్‌వైజర్ వాళ్ళమ్మగారు, ఆంటీ, వచ్చారు. సన్నగా, నెమ్మదిగా, బడిపంతులమ్మలాగే ఉన్నారు. వాళ్ళది రాజోలు దగ్గర అని చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కోనసీమ మనిషికి ఆ మాట తెలియకపోవడమా! భూతద్దం ఆవిడ చేతికిచ్చి, "ఆంటీ, ఆ ఎఫ్‌ని ఎస్ అనుకుని చదవండి, చాలు," అన్నాను.

ఆంటీ వంగి చదివారు. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ మొదటి నుంచి కదిలాయి. ఉన్నట్టుండి కింది పెదవిని పళ్ళతో నొక్కిపట్టారు. నవ్వు ఆపుకోవడం అంటారు దాన్ని. ఆ క్షణంలో ఆవిడకి పదేళ్ళు. నేను గెలిచాననుకున్నాను. అప్పుడావిడ తలెత్తి కొడుకు వైపు చూశారు. అతను చేతులు వెనక్కి కట్టుకుని, మార్కుల కోసం ఎదురుచూసే పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"ఇట్ ఈజ్ ఎ బ్లెసింగ్," అన్నారు ఆంటీ. "వెరీ ఓల్డ్ బ్లెసింగ్. మదర్స్ సే ఇట్."

చప్పట్లు కొట్టారు. క్యూరేటర్ గారు నా వైపు తిరిగి, నీ సందేహం తీరిందా, నీకేమైనా చెప్పాలని ఉందా అని మర్యాదగానే అడిగింది. అందరూ నన్నే చూస్తున్నారు. నా నోట్లో ఆ తిట్టు మొత్తం, ఇంగ్లీషు అర్థంతో సహా, సిద్ధంగా ఉంది. ఒక్క వాక్యం చాలు. ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళు ముప్పై మంది ఉన్నారు, గట్టిగా చదివితే కనీసం పదిమంది ఫక్కున నవ్వేవారు. నాకు బుధవారం గుర్తొచ్చింది.

"ఆంటీ చెప్పిందే కరెక్ట్," అన్నాను. అని, నవ్వాను కూడా.

కోట్లు తగిలించే గదిలో ఆంటీ నా పక్కకొచ్చి నిలబడ్డారు. చుట్టూ ఎవరూ లేరు.

"మీకు తెలిసింది కదా ఆంటీ?"

"తెలీకపోడమేంటమ్మా. మా పాలేరుని మా నాయనమ్మ అలాగే పిలిచేది."

"మరి ఎందుకలా చెప్పారు?"

"అయిదేళ్ళు దాని మీదే కూర్చున్నాడు తల్లీ మావాడు. పైగా ఇంతమంది అమెరికన్స్ ముందు మన భాషంటే తిట్లని చెప్పమంటావా? పరువు కాదూ?" నా భుజం తట్టారు. "నువ్వు బుద్ధిమంతురాలివి. జాబ్ సంగతి నేను వాడికి చెప్తాలే."

ఆవిడ మీద నాకు వచ్చినంత అసహ్యం ఆ డాక్టరు మీద కూడా రాలేదు. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆవిడనే తిట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఆ తిట్లు ఆవిడకి అంటుకోవడం మానేశాయి. ఆవిడ కొడుకు కోసం అబద్ధమాడింది. ఆవిడకి నేనేమీ కాను, ఆ చేపలమ్మి అంతకన్నా కాదు. ఆ చేపలమ్మికి దణ్ణం పెట్టినదాన్ని నేను. ఒక పరాయి మనిషి, చేతిలో కర్ర ఉన్నవాడు, వెనక ఓడ ఉన్నవాడు ఎదురుగా నిలబడితే ఆవిడ నోరు ఆగలేదు. రెండు డిగ్రీలు పెట్టుకుని నేను ఆపుకున్నాను. సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తోంది.

ఉద్యోగం వచ్చింది. అతను నా గురించి చాలా మంచిగా చెప్పాడట, పట్టువిడుపులు తెలిసిన మనిషి అని.

మొదటి వారంలోనే ఎగ్జిబిషన్ పుస్తకాలకి కొత్త కేటలాగ్ వివరాలు రాయమని నాకే ఇచ్చారు. నాలుగోది ఓడ డాక్టరు పుస్తకం. విషయం అన్న గడిలో "దీవెనలు, తెలుగు" అని కొట్టాను. వివరణ అన్న గడిలో, చేపలు అమ్మే స్త్రీ రచయితను ఆశీర్వదించిన మాటలు ఇందులో ఉన్నాయి అని రాశాను. చివర కేటలాగు చేసిన వ్యక్తి పొడి అక్షరాలు తప్పనిసరి. నావి వేశాను. తెలుగు మనిషే చదివి రాసింది కాబట్టి ఇక దాన్ని ఎవరూ తిరగేసి చూడరు.