చెంచా మాస్టారి నాలుక

ఆ బేకరీలో ఆయన్ని అందరూ చెంచా మాస్టారనే పిలుస్తారు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్టీలు చెంచా ఉంటుంది మరి. పాతికేళ్ళుగా ఆయన నాలుక మీద పడకుండా ఒక్క గిన్నెడు కేకు పిండి కూడా ఓవెన్‌లోకి వెళ్ళలేదు. ఆ చెంచా ముట్టుకునే హక్కు ఇంకెవరికీ లేదు, పక్కనే పిండి కలిపే సొంత బావమరిదికి సైతం. అదీ ఆయన దర్జా!

అలాంటి మహానుభావుడికి షుగరు వచ్చింది. పొట్ట ఏనాడో వచ్చింది గానీ దాన్ని ఆయన పట్టించుకోలేదు. మూడు నెలల్లో షుగరు దిగకపోతే బేకరీ మానెయ్యాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు.

అప్పుడు బావమరిది కూతురు రంగంలోకి దిగింది. ఆ పిల్లది ల్యాబులో ఉద్యోగం. మన కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిట్టి అణువులు ఉంటాయని, ఏ జన్యువు మాట ఎంతవరకు చెల్లాలో అవి చూసుకుంటాయని, తిండి మారితే వాటిలో కొన్ని పెరిగి కొన్ని తగ్గుతాయని, ఒళ్ళు చక్కెరను వాడుకునే తీరులో వాటి చెయ్యి కూడా ఉందని చెప్పి, మావయ్యను తన పరిశోధనలో చేర్చుకుంది. పన్నెండు వారాలు కూరగాయలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యం. తిన్న ప్రతిదీ డైరీలో రాయాలి.

ఆరు వారాలకు డైరీ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండింది. రక్తంలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. షుగరు అక్కడే, చిట్టి అణువులూ అక్కడే. మేనకోడలు జుట్టు పీక్కుని, ఒకరోజు పొద్దున్నే బేకరీకొచ్చి మూలనున్న బస్తా మీద కూర్చుంది. మావయ్య చెంచా నోట్లో పెట్టినప్పుడల్లా కాగితం మీద గీత గీసింది. మధ్యాహ్నానికి నలభై ఒక్క గీతలయ్యాయి.

"ఇవన్నీ డైరీలో ఎందుకు రాయలేదు మావయ్యా?"

"అది తిండెలా అవుతుందమ్మా? రుచి చూడ్డం కదా."

ఆయన నిజంగానే తెల్లబోయాడు. తిండంటే కూర్చోవాలి, ముందు పళ్ళెం ఉండాలి. నిలబడి నాకింది ఉద్యోగం కిందికొస్తుంది. ఆ పిల్ల నవ్వాపుకోలేక బస్తా మీంచి జారిపడింది. లేచి, చెంచా లాక్కుని, దాచమని వాళ్ళ నాన్న జేబులో పెట్టింది. ఆ వారమంతా మాస్టారు ఖాళీ జేబు తడుముకుంటూ దిగాలుగా తిరిగాడు.

పన్నెండో వారానికి బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వెళ్ళింది. షుగరు దిగింది. చిట్టి అణువుల్లోనూ కొన్ని కదిలాయి. ఒక్క మనిషి రక్తంతో ఏదీ రుజువు కాదని చెబుతూనే మేనకోడలు గెంతులేసింది. మాస్టారు పిండి చేతులతో ఆమెను గిరగిరా తిప్పేశాడు. బేకరీ మానక్కర్లేదు, రోజుకు ఒక్క చెంచా రుచి చూడొచ్చన్నాడు డాక్టరు.

అందరూ చుట్టూ మూగారు. బావమరిది చెంచా అందించాడు. మాస్టారు కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం ముఖం వికారంగా పెట్టాడు.

"ఇంత చక్కెర ఎవరు పోశారు?"

అందరి చూపూ గోడ మీదికి వెళ్ళింది. అక్కడి కొలతల పట్టీ ఆయన చేతిరాతే. అందులో ఒక్క అంకె కూడా మారలేదు.

"నీ కొలతే బావా, పాతికేళ్ళుగా ఇదే" అన్నాడు బావమరిది.

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"రుచి చూడమని చెంచా నాకెప్పుడిచ్చావు?"

మాస్టారు పొట్ట పట్టుకుని, అదే మిగిలిన కాస్త పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. పెన్నడిగి తీసుకుని, పట్టీలో చక్కెర కొలత కొట్టేసి తగ్గించి రాశాడు. పెన్ను తన జేబులో పెట్టుకున్నాడు. చెంచా కడిగి, తుడిచి, బావమరిది జేబులో పెట్టాడు.