రాజవ్వ రాసిన ప్లకార్డు

ఈ రోజు కోరుట్లలో తెలంగాణ రిలే నిరాహార దీక్షకు బీడీ కార్మికుల వంతు. ముఖాలను కలలోలా మెత్తగా చూపించే పాతకాలపు లెన్స్ ఈమధ్యే నా కెమెరాకు కొన్నాను, అదొక్కటే తీసుకెళ్లాను. టెంటు కింద ముందు వరుసలో బీడీలు చుట్టే రాజవ్వ. కొత్తగా నేర్చుకున్న అక్షరాలతో ‘జై తెలంగాణ’ అని తానే రాసిన ప్లకార్డు పట్టుకుంది.

సాయంత్రం నిమ్మరసం తాగి అందరూ లేచాక ఆమెకు ఫోటో చూపించాను.

“గిదేంది మేడం, అంత పొగ కమ్మినట్టున్నది? నేను రాసింది ఏది?”

“మంచిగ వస్తదని, అక్కా...”

“నేనేమన్న పెండ్లిపీటల మీద కూసున్ననా?”

పక్కవాళ్లు నవ్వారు. మళ్లీ తీద్దామంటే వీళ్ల దీక్ష అయిపోయింది. రేపు ఆ టెంటులో దర్జీలు కూర్చుంటారు.

ఎదుటివాళ్ల కష్టాన్ని మెత్తగా చేసి చూడటం నాకు ఈ లెన్స్ కొనకముందు నుంచే అలవాటేమో. మీకెప్పుడైనా మీమీద ఇలాంటి అనుమానం వచ్చిందా?