సైరన్ లేని ఊరు

చిన్నప్పుడు కంప్యూటర్లో ఊళ్లు కట్టే ఆట ఆడేవాళ్లం కదా, ఇవాళ మళ్లీ పెట్టాను. రోడ్లు వేశాను, ఇళ్లకు కరెంటిచ్చాను.

అప్పట్లో మా బాపు రెండో షిఫ్టుకు పోయేముందు డ్యూటీ బట్టల్లో నా వెనక నిలబడి చూసేవాడు.

"ఊరు మంచిగనే కట్టినవ్ బిడ్డా. సైరన్ ఏది? డ్యూటీకి టైమైందని వీళ్లకెట్ల తెలుస్తది?"

ఆటలో సైరన్ లేదు. గోదావరిఖని దోస్తులూ, మన బొగ్గు గని సైరన్ యాదికుందా? అచ్చం అలాగే నేను నోటితో మోగించేదాన్ని. బాపు నవ్వి, టిఫిన్ డబ్బా అందుకుని సైకిలెక్కేవాడు.

బాపు పోయి మూడేళ్లు. ఆ గనీ మూతపడింది.

సాయంత్రానికి ఆటలో ఊరు బాగానే పెరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. నోటితో గట్టిగా సైరన్ మోగించాను.

సజ్జ మీద బాపు డబ్బా అక్కడే ఉంది.